రేడియోలో పాపాయి గారి పేరు

పాలకొల్లులో ముందుగా నెట్ సెంటర్ పెట్టినవాళ్లలో నేనొకదాన్ని. అందుకే ఇంటర్నెట్ వచ్చిన కొత్త రోజుల గురించి మాట్లాడమని లైబ్రరీ వార్షికోత్సవానికి పిలిచారు. నేను మాట్లాడటం వినాలని మా పాపాయి పిన్ని ముచ్చటపడి వచ్చి, గంగరాజు బాబాయి చెయ్యి పట్టుకుని ముందు వరసలో కూర్చుంది. పిన్నికి చూపు పోయింది. రేడియోయే ఆవిడ లోకం.

నేను దంచేశాను. "ఆ రోజుల్లో కుర్రాళ్లు ముక్కూ మొహం తెలియనివాళ్లకి చాట్‌లో తమ పేరూ ఊరూ కొట్టి, జవాబు కోసం గుడ్లప్పగించి చూసేవారండి. అంతకు ముందు వాళ్ల అమ్మానాన్నలు అదే పని రేడియోవాళ్లకి రాసే కార్డు ముక్క మీద చేశారు. పాట కోసం కాదు, పాటకి ముందు రేడియోలో తమ పేరు చదువుతారని! పక్కింటివాళ్ల పేర్లు కూడా ఇరికించేవారు. పిచ్చి ఒకటేనండి, యంత్రం మారిందంతే."

జనం ఆవలించారు. నా ముందు ఎవరైనా ఆవలిస్తే నాకు ఒళ్లు మండుతుంది. వీళ్లని నవ్వించి తీరాలనుకున్నాను.

"నాకు తెలిసిన ఒకావిడ ఉన్నారండి. రేడియోవాళ్లు కార్డులు చదవడం ఎప్పుడో మానేశారు. ఆవిడకి ఆ సంగతి తెలీదు. ఆదివారం వస్తే ఉతికిన చీర కట్టుకుని రేడియో ముందు కూర్చుంటారు. వాళ్లాయన దాని వెనకాల ఫోన్ పెట్టి, ముందే రికార్డు చేసింది నొక్కుతారు. అందులో పేరు చదివేది ఎవరనుకున్నారు? నేనే!" అని గొంతు మార్చి అందుకున్నాను. "ఈ పాట కోరినవారు, పాలకొల్లు నుంచి..."

హాలు ఘొల్లుమంది. చప్పట్లు మోగాయి. అప్పుడు ముందు వరస కేసి చూశాను. పేరు చెప్పకపోతే ఏం? ఆ గొంతు పిన్నికి తెలియనిదా! ఎవరికీ చెప్పనని బాబాయికి చేతిలో చెయ్యేసి మాటిచ్చినదాన్ని. ఆయన తల దించేసుకున్నారు. ఛీ, నా నోరు పడిపోను! చప్పట్ల యావలో ఎదురుగా ఉన్న మనిషినే మరిచిపోయాను.

సభ అవగానే పరుగెత్తుకెళ్లి పిన్ని కాళ్ల దగ్గర కూలబడ్డాను.

"తప్పయిపోయింది పిన్నీ."

"ఊరుకోవే మంజుషా," అని నా తల నిమిరింది. నాలుగు తిట్టినా బాగుండేది. తర్వాత బాబాయి వైపు తిరిగింది. "ఏవండీ, మొన్న ఉగాదికి నా పేరు వచ్చినప్పుడు, వీధిలో వాళ్లంతా విన్నారన్నారు కదా?"

"అన్నానే," అన్నారు బాబాయి.

"అయితే ఎవరూ వినలేదన్నమాట."

నేను ఏడుస్తూ ఆవిడ చేతులు పట్టుకున్నాను. పిన్ని మెల్లగా వాటిని విడిపించుకుని, చీర సర్దుకుని లేచింది.

"పోనీలేమ్మా. ఇవాళ మాత్రం అందరూ విన్నారుగా," అంది.