నలభై రెండు అంగుళాల అలక

నేను బస్సు కండక్టర్ని. ముప్ఫై ఏళ్ళుగా "రైట్ రైట్" అని అరుస్తూ బతుకుతున్నాను కాబట్టి నేనేమన్నా రైటే అని నా నమ్మకం. పార్టీలు అయిదేళ్ళకోసారి టికెట్లిస్తాయి, నేను రోజూ ఇస్తాను. రాజకీయాల్లో సీనియర్ని నేనే. నా గొంతు చూసి స్నేహితులు చిన్నప్పుడే "మైకు" అని పేరు పెట్టేశారు.

నా ప్రాణస్నేహితుడు టైలరు. వాణ్ణి మేం బొత్తాం అంటాం. చిన్నగా, గుండ్రంగా, నోరు మూసుకుని ఉంటాడు. నోరు మూసుకోడానికి కారణం గుణం కాదు, గుండుసూదులు. పనిలో ఉన్నంతసేపూ అరడజను సూదులు వాడి పెదాల మధ్యే ఉంటాయి. సాయంత్రం డ్యూటీ దిగి వాడి కొట్లో కూర్చుని నేను దేశాన్ని ఉద్ధరిస్తుంటే వాడు "ఊఁ" అనేవాడు. ఆ ఊఁలన్నీ నాకు పడ్డ ఓట్లనుకున్నాను. సూదులని తర్వాత తెలిసింది.

ఎలా తెలిసిందంటే, ఫోన్లో. ఫోన్లో సూదులుండవు.

మా బడి స్నేహితులం పదహారుమందిమి "పాత బెంచీలు" అని ఒక గ్రూపు పెట్టుకున్నాం. మార్కెట్ వీధి మూల మీద, బొత్తాం కొట్టున్న వైపు మూడడుగులు కొట్టేసి, రోడ్డు వెడల్పు చేస్తామని మా పార్టీవాళ్ళన్నారు. ఆ మూల తిప్పలేక మా బస్సు రోజూ పడే తిప్పలు ఇన్నీ అన్నీ కావు. ఉత్సాహం ఆపుకోలేక, ఎవరో పంపిన బొమ్మ ఒకటి గ్రూపులో పెట్టాను. రోడ్డుకడ్డంగా పడుకున్న గేదె, కింద "అభివృద్ధికి అడ్డొచ్చేవాళ్ళు" అని. పదకొండుమంది నవ్వారు.

బొత్తాం మాత్రం, "నీ బస్సు తిరగడానికి నా మిషను జరగాలా?" అని రాశాడు.

అక్కడ ఆగి ఉంటే బాగుండేది. బండి ఆపడం డ్రైవరు పని, నాకెక్కడ అలవాటు? "మూడడుగులకే ఏడుపా? కొట్టే ఇరుకనుకున్నా, బుర్ర కూడానా?" అని కొట్టాను. పక్కన పళ్ళికిలించే మొహాలు నాలుగు. నిమిషంలో కింద ఇంకో లైను పడింది. బొత్తాం గ్రూపు నుంచి లెఫ్ట్.

రైట్ అని అరిచేవాడికి లెఫ్ట్ అంటే ఇంత భయమా! కండక్టరు పోస్టులో ఉండి కండక్టు లేని పోస్టు పెట్టాను. కుట్టడం వాడి వృత్తి, తేలులా కుట్టింది నేను. పన్నెండు రోజులు ఆ వీధి తప్పించుకుని, చుట్టూ తిరిగి ఇంటికెళ్ళాను. "ఏంటండీ, ఇల్లింత నిశ్శబ్దంగా ఉంది? ఒంట్లో బాగాలేదా?" అంది మా ఆవిడ. ఒంట్లో బానే ఉంది. వాడు లేడు, అంతే.

పదమూడో రోజు డిపోలో కొత్త యూనిఫాం ప్యాంట్లిచ్చారు. కాళ్ళ దగ్గర నేల ఊడుస్తున్నాయి, నడుం దగ్గర ఊపిరి ఆపుతున్నాయి. ఊళ్ళో టైలర్లు బోలెడుమంది. కానీ నా నడుం రహస్యం తెలిసింది వీడొక్కడికే. ఎప్పుడు కొలిచినా పుస్తకంలో అసలంకె రాసుకుని, పైకి మాత్రం రెండంగుళాలు తగ్గించి చదువుతాడు. ఎందుకంటే పక్కనే వాళ్ళావిడ కాజాలు కుడుతూ ఉంటుంది. ఆమె చెవిన పడ్డ అంకె సాయంత్రానికల్లా ఫోన్లో మా ఆవిడకి చేరుతుంది, ఆ పూటే నా కంచంలో మారువడ్డన మాయమవుతుంది.

వెళ్ళాను. ప్యాంటు తొడుక్కుని నిలబడ్డాను. వాడు నా మొహం చూడకుండా టేపు చుట్టి, పుస్తకంలో రాసి, వీధి చివరిదాకా వినిపించేలా చదివాడు.

"నలభై రెండు!"

నా గొంతు వాడికెప్పుడొచ్చిందో!

"నలభై రెండా అన్నయ్యా?" చెల్లెమ్మ చేతిలో సూది ఆగిపోయింది.

వాడి అలక ఎంతుందో అప్పుడు తెలిసింది. సరిగ్గా నలభై రెండు అంగుళాలు.

"ఒరే బొత్తాం, ఆ రోజు గ్రూపులో నేను..."

"కదలకు. కింద మడత పెట్టాలి." వాడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. డబ్బాలోంచి అరడజను సూదులు తీసి, అలవాటుగా నోటిదాకా తీసుకెళ్ళి, ఆగి నాకందించాడు. "నువ్వు పెట్టుకో. నోట్లో."

"నేనా?"

"ఇవాళ నేను మాట్లాడాలి."

పెట్టుకున్నాను. మైకుకి కరెంటు పోయింది.

"ఆ మూడడుగుల్లో ఏముందో ఎప్పుడైనా చూశావట్రా? నువ్వు రోజూ మోచెయ్యి ఆనించే కటింగ్ బల్ల. అది పోతే గుడ్డ ఎక్కడ కత్తిరించను, నీ వీపు మీదా?"

"ఊఁ," అన్నాను.

"బల్ల లోపలికి జరిపితే మీ చెల్లెలి మిషనుకి చోటు లేదు. ఇరవై ఏళ్ళుగా ఎదురెదురుగా కూర్చుని కుడుతున్నాం. రేపట్నించి తను ఇంట్లో, నేనిక్కడ." ప్యాంటు అంచు మడిచాడు. "రోడ్డు వద్దని నేనన్నానా? ఒక్కమాట అడిగాను. నువ్వు నవ్వావు. అందరి ముందూ నా బుర్ర ఇరుకన్నావు."

మాటకో సూది చొప్పున నా పెదాల మధ్య నుంచి తీసి మడతకి గుచ్చుతున్నాడు. గుచ్చింది ప్యాంటుకి, దిగింది నాకు. చెల్లెమ్మ తల వంచుకుని, కుట్టిన కాజానే మళ్ళీ కుడుతోంది.

ఆఖరి సూది బయటికొచ్చింది. నోరు ఖాళీ. పన్నెండు రోజులుగా ఏడు పాయింట్లు కూడబెట్టుకున్నాను, ఒక్కటీ రాలేదు.

"తప్పయిందిరా," అన్నాను. ఫోను తీసి గేదెని తోలేశాను. ఆ చోట "బొత్తాన్ని అనకూడని మాటన్నాను, బుర్ర ఇరుకు నాదే" అని రాసి వాడికి చూపించాను. చదివాడు. ఫోను తిరిగిచ్చాడు.

"కానీ ఆ మూల బస్సు తిరగదన్నది మాత్రం నిజం."

"కాదన్నదెవరు? ఎదురుగా ఖాళీ గోడ ఉంది. అటు జరపమను మీవాళ్ళని."

"అటు డ్రైనేజీ ఉందిరా, దాన్ని..."

"ఇంకో అరడజను తీయనా అన్నయ్యా?" చెల్లెమ్మ సూదుల డబ్బా ముందుకు తోసింది.

నోరు మూశాను. బొత్తాం నవ్వాడు.

"రోడ్డు సంగతి రోజూ ఇక్కడే మాట్లాడుకుందాం," అన్నాడు. "వినేవాడి నోట్లో సూదులు. ఫోన్లో మాత్రం ఒద్దు."

"మరి గ్రూపులోకి?"

"చేర్చు."

చేర్చాను. వాడు మళ్ళీ టేపు తీశాడు.

"ఇందాక కొలిచావుగా?"

"టేపు జారింది. ఊపిరి వదులు."

వదిలాను. పొట్ట తన నిజస్వరూపం చూపించింది. వాడు టేపు బిగించి చూశాడు. పుస్తకంలోకి తొంగిచూశాను. ఇందాకటి నలభై రెండు అలాగే ఉంది, కొట్టెయ్యలేదు.

వాడు చెల్లెమ్మ వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు.

"నలభై!"