తాబేలు బొమ్మ పుస్తకం

ఒక్కొక్కటీ తలకింద పెట్టుకుంటే మెడ పట్టేసేంత లావు. అలాంటివి మూడు. మేనేజరు ఇనోకె వాటిని అపిసాయి బల్ల మీద ధబ్బున పడేసి చేతులు దులుపుకున్నాడు.

"బ్రిస్బేన్ నుంచి మోసుకొచ్చాను. చదువు. ఇంక సాకులు చెప్పకు."

అపిసాయి పై పుస్తకం తిప్పి చూశాడు. లగూన్ అనే కంప్యూటరు భాష, రెండో కూర్పు. లోకమంతా ఇప్పుడు ప్రోగ్రాములు రాస్తున్నది లగూన్ నాలుగులో. పేరు తప్ప రెండింటికీ చుట్టరికం లేదు. రెండులో రాసింది నాలుగులో నోరే తెరవదు.

"సార్, ఇవి పాతవి."

"పాతవైతే? బైబిలు పాతది కాదా? చదవడం మానేశామా?"

పక్క బల్ల దగ్గర లితియా కిసుక్కుమంది. "రాయితీ బుట్ట స్టిక్కరు కూడా ఊడలేదు సార్!"

"నీ టికెట్లు నువ్వు చూసుకో తల్లీ," అంటూ ఇనోకె చంకలోని కొత్త టాబ్లెట్‌ని సర్దుకుని వెళ్లిపోయాడు. శిక్షణకని కంపెనీ ఇచ్చిన సొమ్ములో సింహభాగం ఆ టాబ్లెట్టే మింగింది. మిగిలిన చిల్లరకి వచ్చినవి ఈ మూడు దిమ్మలు. లావే తప్ప లాభం లేనివి.

అపిసాయికి ఒళ్లు మండిపోయింది. సువా రేవులో ఈ ఓడల కంపెనీకి టికెట్లమ్మే ప్రోగ్రాం అతని చేతుల్లో పుట్టి పెరిగింది. అది నడిచే ముసలి యంత్రాన్ని క్రిస్మస్‌కి తీసేస్తున్నారు. ఈలోగా ప్రోగ్రాంని కొత్త లగూన్‌లో తిరగరాయాలి. లేకపోతే పని ఆక్లండ్ వాళ్లకి, అపిసాయి ఇంటికి.

"నెట్‌లో చూసి నేర్చుకోరాదా అన్నా?" అంది లితియా.

"చూశా. రెండు గురించి రాసినోడు పైన నాలుగని పెడతాడు. నాలుగు తెలిసినోడు నాలుగు ముక్కల్లో చేతులు దులుపుకుంటాడు!"

మధ్యాహ్నం పూట ఉడికించిన కర్రపెండలం నములుతూ అతను కొత్త లగూన్ మీద వచ్చిన పుస్తకాలన్నిటి విషయసూచికలూ గాలించాడు. అతనికి కావలసింది ఒక్కటే. ఓడలో ఒకే సీటుని ఇద్దరు ఒకేసారి నొక్కితే ఏం చెయ్యాలి? బడాయి పుస్తకాలన్నీ ఆ ఊసెత్తకుండా తెర మీద నమస్కారం పెట్టే తొలిపాఠం ప్రోగ్రాం దగ్గరే ముగిశాయి. ఒక్క సన్నటి పుస్తకంలో మాత్రం దానికి ఏకంగా ఒక అధ్యాయం ఉంది. కాగితం మీద తప్ప దొరకదు. సొంత డబ్బుతో తెప్పించుకున్నాడు. సముద్రం మీద తీరిగ్గా ఈదుకుంటూ వచ్చింది. అట్ట మీద తాబేలు బొమ్మ. దానికి తగ్గట్టే నడక.

శనివారం దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడో లేదో, అక్క కొడుకు వెరెనికి ఊడిపడ్డాడు. పర్యాటకుల్ని పడవలో తిప్పి పగడపు దిబ్బలు చూపిస్తాడు. మేనమామ ఇంట్లో దేన్ని పట్టుకుని నాదంటే అది వాడిదే. అలాంటి మేనల్లుణ్ని అక్కడ వాసు అంటారు. పేరుకి వాసు, చేసేది వసూలు.

"తాబేలు! మామా, ఇది నాకు!"

"ఒరే, అది జలచరాల పుస్తకం కాదురా!"

"అంటే? నేను చదవలేననా?"

లోపల్నుంచి భార్య లాయితె గొంతు. "నవ్వుతూ ఇవ్వండి. మీ అక్క వింటే బాగుండదు."

అపిసాయి నవ్వాడు. పళ్లు పటపటమన్నాయి. మరోటి తెప్పిస్తే వచ్చేసరికి క్రిస్మస్ దాటిపోతుంది.

సోమవారం ఇనోకె టాబ్లెట్ ఊపుకుంటూ వచ్చాడు. "ఏమయ్యా, పుస్తకాలు ఎంతదాకా వచ్చాయి? ఆక్లండ్‌కి ఫోన్ చెయ్యమంటావా?"

శనివారం మింగిన కోపం గొంతులోకి తన్నుకొచ్చింది.

"మామా!" అన్నాడు అపిసాయి.

ఇనోకె టాబ్లెట్ ఊపడం ఆపేశాడు.

"ఏమన్నావ్?"

"మామా అన్నాను. మా అమ్మ మీ చిన్నాన్న కూతురు. మీ ఇంటి ఆడపడుచు కొడుకుని. ఇన్నాళ్లూ సారూ సారూ అని ఆ సంగతే మర్చిపోయాను. ఆ టాబ్లెట్ నాది."

"ఇది ఆఫీసయ్యా!"

"అయితే మా అమ్మ మీ చెల్లెలు కాకుండా పోతుందా?"

లితియా రెండు అరచేతులూ దొప్పలు చేసి, ఊళ్లో కానుక అందుకున్నప్పుడు చరిచినట్టు గంభీరంగా చప్పట్లు చరిచింది. టికెట్ల వరుసలో నిలబడ్డ ఇనోకె ఊరివాళ్లు మెడలు చాచారు. కాదంటే ఆదివారం చర్చిలో తలెత్తుకోలేడు. ఇనోకె నవ్వుతూ ఇచ్చాడు. ఆ నవ్వు ఎలాంటిదో అపిసాయికి బాగా తెలుసు.

"ఛార్జరు కూడా, మామా."

అదెందుకు అడిగాడో అతనికీ తెలియదు. కోపం అడిగింది, అంతే. టాబ్లెట్‌తో తలనొప్పి తగ్గడం మాత్రం నిజం. కానీ పుస్తకం పుస్తకమే, లేనిది లేనిదే.

ఆ సాయంత్రం కౌంటరు దగ్గర పెద్ద గొంతు. వెరెనికి! చేతిలో తడిసి ఉబ్బిన పుస్తకం.

"మామా, ఎంత మోసం! మొత్తం తిరగేశాను, లోపల ఒక్క తాబేలైనా లేదు. అన్నీ బ్రాకెట్లే! నాకొద్దు, నువ్వే ఉంచుకో." వాడి చూపు పక్కకి జారింది. "అబ్బో, ఆ టాబ్లెట్ ఎవరిది? పడవలో దొరలకి చేపల వీడియోలు చూపించొచ్చు! నాకు!"

"ఒరేయ్, అది..." ఇనోకె కుర్చీలోంచి లేచాడు.

"తీసుకుపోరా," అన్నాడు అపిసాయి. "ఛార్జరు మర్చిపోకు."

మూడు లావు పుస్తకాల్నీ ఒకదాని మీదొకటి పేర్చి, వాటి మీద తన కంప్యూటరు తెర ఎక్కించాడు. సరిగ్గా కళ్లకి ఎదురుగా వచ్చింది. పనికొచ్చాయి పాపం! తాబేలు పుస్తకంలో అంటుకుపోయిన పేజీల్ని గోటితో విడదీసి, ఒకే సీటుకి ఇద్దరు కొట్టుకునే అధ్యాయం తెరిచాడు.

"సారూ," అన్నాడు తలెత్తకుండా, మీటలు పగిలేలా కొడుతూ, "ఆక్లండ్‌కి ఫోన్ చెయ్యకండి."