ఉమ్మి ఆరేలోగా

మా ఊళ్లో పిల్లల్ని కొట్టుకు పంపేటప్పుడు అమ్మలు గడియారం చూడరు. గుమ్మం ముందు మట్టిలో ఉమ్మేసి, "ఇది ఆరేలోగా ఇక్కడుండాలి" అంటారు. ఎండ బాగా కాసే రోజు అది చాలా అన్యాయం. వాన రోజైతే మాత్రం స్నేహితుల ఇళ్లన్నీ చుట్టి తాపీగా రావచ్చు.

మేం తయారుచేసిన వీడియో గేమ్ కూడా అదే. ఒక పిల్ల కొట్టుకు పరిగెత్తి మొక్కజొన్న పిండి పొట్లం తేవాలి. తెర మీద ఒక మూల ఉమ్మి ఆరిపోతూ ఉంటుంది. దారిలో కరిచే బాతులుంటాయి, తాగి దారికి అడ్డంగా పడుకున్న మామయ్య ఉంటాడు, "మీ ఆవు ఈనిందా, మీ నానమ్మ నడుం తగ్గిందా" అని చెయ్యి పట్టుకుని వదలని చర్చి అక్క ఉంటుంది. వీళ్లందరినీ తప్పించుకోవాలి. ఆలస్యమైతే ఇంటి వైపు నుంచి అమ్మ గొంతు మొదలవుతుంది. "నిన్ను కొట్టుకు పంపానా, మొంబాసాకు పంపానా? ఆ మోకాళ్లు అద్దెకు తెచ్చుకున్నావా, అరిగిపోతాయని దాచుకుంటున్నావా?"

ఆలోచన నాది. బొమ్మలు నావి. కోడు రాసింది మొగాకా అన్న, నైరోబీలో ఉండే మా పెద్దమ్మ కొడుకు. ఆ గొంతు కూడా నాదే, కాని ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. క్లాసులో నేను హాజరు పలికితే టీచరుకు వినపడక గైర్హాజరు వేస్తుంది. మా పెద్దమ్మలా మాట్లాడమంటే మాత్రం గొంతు దానంతట అదే లేస్తుంది. ఒకరోజు అరటితోటలోకి వెళ్లి, దుప్పటి ముసుగేసుకుని, పెద్దమ్మలా స్వాహిలీలో తిట్టాను. మధ్యమధ్య మా ఊరి కిసీ భాష తిట్లు కూడా కలిపి ఫోన్లో అన్నకు పంపాను. "అసలు గొంతు దొరికేదాకా ఇది పెడదాం" అన్నాడు.

ఆగస్టు సెలవుల్లో నైరోబీలో గేమ్‌ల మేళా జరిగింది. మాలాగా సొంతంగా గేమ్‌లు చేసుకునేవాళ్లకు ఒక వరుసలో చిన్న చిన్న స్టాళ్లు ఇచ్చారు. మాది మరుగుదొడ్ల పక్కన వచ్చింది. "మంచి చోటే. అందరూ ఎప్పుడో ఒకప్పుడు ఇటు రావాల్సిందే కదా" అన్నాడు అన్న.

అసలు గొడవ అక్కడే మొదలైంది. టాంజానియాలోని దారెస్సలాం నుంచి సెలెమానీ అనే పెద్దమనిషి వస్తున్నాడు. వాళ్ల కంపెనీ ఈ మేళాలో ఒక గేమ్ ఎంచుకుని మూడు దేశాల ఫోన్లలోకి పంపుతుంది. ఆ మాట విన్న దగ్గర్నుంచి అన్న మెదడు కాస్త అటూ ఇటూ అయింది.

"దారెస్సలాం వాళ్లు మంచినీళ్లు అడగడానికి కూడా మూడుసార్లు క్షమాపణ చెప్తారు. అలాంటివాళ్లకు ఉమ్మి చూపిస్తామా?" అన్నాడు.

ఉమ్మి తీసేసి బంగారు రంగు ఇసుక గడియారం పెట్టాడు. నా గొంతు తీసేసి రేడియోలో వార్తలు చదివే ఒకావిడ గొంతు పెట్టాడు. ఆవిడ "ప్రియమైన బిడ్డా, త్వరపడుము" అంటుంది. మా ఊళ్లో ఎవరైనా అలా అంటే జ్వరం వచ్చిందేమోనని నుదురు తాకి చూస్తారు.

ఆ పెద్దమనిషి ఏది చూస్తే ఇక అదే మా గేమ్. ఇసుక గడియారం చూశాడంటే నాది చెత్తబుట్టలోకే. ఈ మాట అన్నతో చెప్పాలని నైరోబీలో వాళ్లింట్లో రెండు రోజులు నోరు తెరిచాను. తెరిచిన ప్రతిసారీ అన్నం పెట్టారు.

మేళా తెరిచారు. అట్టముక్కలతో కవచం చేసుకుని యోధుడి వేషం వేసుకున్న ఒకతను మా దగ్గర ఆగాడు. చెమటకు అతని భుజం ఊడి వేలాడుతోంది. కొంచెంసేపు ఆడి, "బాగుంది" అన్నాడు. ఆ 'బాగుంది' వింటే ఎవరికైనా ఏడుపొస్తుంది. తర్వాత వచ్చినవాళ్లు మా స్టాల్ దగ్గర నిలబడింది మరుగుదొడ్డి వరుస కదలక.

"నువ్వు నోరు తెరిచి పిలవొచ్చు కదే కెరూబో! కొయ్యబొమ్మలా కూర్చుంటే ఎవరొస్తారు?" అన్నాడు అన్న.

నేను బల్ల కింద నా బూట్లు చూసుకున్నాను. అతను విసుక్కుని, సెలెమానీని వెతికి తెస్తానని మెళ్లో కార్డు సర్దుకుంటూ వెళ్లిపోయాడు.

అప్పుడు చేశాను. ఇసుక గడియారం ఉన్న పెన్‌డ్రైవ్ పీకేసి, ఉమ్మి, నా గొంతు ఉన్న పాతది పెట్టాను. స్పీకరు మీట తిప్పి గొంతు పెంచాను కూడా.

సెలవులైనా స్కూలు యూనిఫాంలోనే ఉన్న ఒక పిల్ల వచ్చి కూర్చుంది. బాతు దగ్గర ఆలస్యం చేసింది. "నిన్ను కొట్టుకు పంపానా, మొంబాసాకు పంపానా?" అని నా గొంతు హాలంతా మోగింది. ఆ పిల్ల ఉలిక్కిపడి వెనక్కి తిరిగి వాళ్లమ్మ ఎక్కడుందో చూసింది. లేదని తేలాక పడీపడీ నవ్వింది. మరుగుదొడ్డి వరుసలోవాళ్లు వరుస వదిలేసి మా వైపు వచ్చారు. యోధుడు కూడా రెండో భుజం చేత్తో పట్టుకుని తిరిగొచ్చాడు.

"ఒరే, అచ్చం మా అమ్మే! ఇంకోసారి ఓడిపో, తిట్లు విందాం."

"కావాలని ఓడితే కుదరదు, లే, నా వంతు!"

అన్న తిరిగొచ్చేసరికి జనాన్ని తోసుకుని రావాల్సి వచ్చింది. ముందు సంతోషపడ్డాడు. తర్వాత తెర చూశాడు.

"ఏం చేశావే? ఆయన వస్తున్నాడు! తియ్ అది!" అన్నాడు పళ్ల మధ్య నుంచి. చెయ్యి చాచాడు కాని, ఆడుతున్న కుర్రాడు ఆ చేతి మీద ఒక్కటేశాడు.

అదే సమయానికి మాకు భోజనం పట్టుకుని పెద్దమ్మ వచ్చింది. గికొంబా సంతలో పాత బట్టలు అమ్ముతుంది మా పెద్దమ్మ బోసిబోరి. చపాతీలు, పెసల కూర ఉన్న గిన్నె బల్ల మీద పెట్టబోయి స్పీకరు మాట విని ఆగిపోయింది.

"ఇది మా అమ్మ గొంతు! చచ్చి ఎన్నాళ్లయింది ముసల్ది, దీంట్లోకి ఎలా దూరింది?" అంది.

అన్న నా వైపు చూశాడు. నేను గిన్నె వైపు చూశాను.

ఇంతలో నీలం కోటు వేసుకున్న ఒకాయన జనం అంచున నిలబడి, "క్షమించండి, దయచేసి ఒక ప్రశ్న. ఆ మూల ఆరిపోతున్న తడి మచ్చ ఏమిటండీ?" అని అడిగాడు. ఆ క్షమాపణను బట్టే ఆయనెవరో నాకు తెలిసిపోయింది.

అన్న నిటారుగా నిలబడ్డాడు. "మంచు బిందువు సార్. ఉదయపు మంచు. ప్రకృతి…"

"మంచా?" అంది పెద్దమ్మ. "నీ మొహం! ఉమ్మి బాబూ, ఉమ్మి. మీ ఊళ్లో వెయ్యరా?"

"వినలేదు అమ్మగారూ, క్షమించండి."

"వినేది కాదు, చూసేది." అని పెద్దమ్మ ఆ హాలు వాళ్ల ఎర్ర తివాచీ మీద థూ అని ఉమ్మేసింది. "ఇదిగో. ఇది ఆరేలోగా నాకు టీ తేవాలి. పంచదార ఎక్కువ. నడువు."

సెలెమానీ ఆ ఉమ్మిని చూశాడు, పెద్దమ్మను చూశాడు. "తప్పకుండా అమ్మగారూ" అని నాలుగడుగులు మర్యాదగా నడిచి, తర్వాత పరుగందుకున్నాడు.

"అమ్మా, ఎవర్ని పంపావో తెలుసా? ఆయనే కంపెనీ!" అన్నాడు అన్న తల పట్టుకుని.

"అయితే? కంపెనీకి కాళ్లు లేవా?"

తివాచీ సంగతి ఎవరో చెప్పినట్టున్నారు, కాపలావాడు వచ్చేశాడు. మేళా ఏమిటి, ఉమ్మడమేమిటి, స్టాల్ ఎత్తెయ్యమన్నాడు. అన్న బతిమాలాడు. పెద్దమ్మ పోట్లాడింది. వాళ్లిద్దరూ ఒకేసారి మాట్లాడటంతో అతనికి ఒక్కటీ అర్థం కాలేదు. వంగి కంప్యూటరు వైరు పట్టుకున్నాడు.

నేను లేచాను. "ఆ వైరు మీద చెయ్యి తియ్యి! పరాయివాళ్ల సామాను ముట్టుకోకూడదని మీ అమ్మ నేర్పలేదా? ఆ చేతులు జేబులో పెట్టుకుంటావా, నన్నే వచ్చి పెట్టమంటావా?"

కాపలావాడు చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. యోధుడు కూడా పెట్టుకోబోయాడు కాని అట్టకు జేబులు లేవు. పెద్దమ్మ మెల్లగా నా వైపు తిరిగింది.

"అంటే అది మా అమ్మ కాదు."

నేను తల అడ్డంగా ఊపి, వేలితో ఆమెనే చూపించాను.

"నేనా? నేను అలా అరుస్తానా?"

అన్న తన బూట్లు చూసుకున్నాడు. కాపలావాడు కూడా నేల చూపులు చూశాడు. పెద్దమ్మ నడుముకు కట్టుకున్న గుడ్డ కొసతో తివాచీ తుడిచేసి, "సరే, తుడిచా. ఇక పో నాయనా" అని అతన్ని పంపేసింది. అతను జేబుల్లోంచి చేతులు తియ్యకుండానే వెళ్లాడు.

సెలెమానీ కాగితం కప్పుతో రొప్పుతూ వచ్చాడు. సగం టీ కోటు మీదే ఉంది. కప్పు పెద్దమ్మ చేతికిచ్చి అన్న వైపు తిరిగాడు.

"క్షమించండి, మీరు మెయిల్లో ఇసుక గడియారం అని రాశారు. ఇక్కడ వేరేది ఉంది. దయచేసి, నేను ఏది చూడాలి?"

"అదే సార్, అసలుది అదే. ఇది పొరపాటున…"

"ఇదే" అన్నాను.

"క్షమించండి, వినపడలేదు."

పెద్దమ్మ గొంతు నా నోట్లో సిద్ధంగా ఉంది. కాని ఆ గొంతు మనిషి ఎదురుగా నిలబడి టీ తాగుతుంటే వాడుకోవడం ఎలా? నాకున్న చిన్న గొంతుతోనే చెప్పాను. సగంలో జీర వచ్చింది.

"ఇదే అసలుది. ఆలోచన నాది, బొమ్మలు నావి, గొంతు నాది. ఇసుక గడియారమే కావాలంటే నా బొమ్మలు తీసేసి పెట్టుకోండి."

సెలెమానీ అన్నను చూశాడు. అన్న చాలాసేపు తెరను చూశాడు.

"అవి తీసేస్తే గడియారం ఒక్కటే మిగుల్తుంది సార్. బాతు కూడా ఉండదు" అన్నాడు చివరికి.

"అయితే దయచేసి, కుర్చీ."

కూర్చున్నాడు. మొదటి బాతుకే దొరికిపోయాడు. "నిన్ను కొట్టుకు పంపానా…" అని మొదలుకాగానే "క్షమించండి" అన్నాడు తెరతో. మళ్లీ ఆడాడు. ఈసారి చర్చి అక్కకు దొరికాడు. మర్యాదస్తుడు కదా, చెయ్యి విడిపించుకోవడం ఇంట్లో నేర్పినట్టు లేరు.

"అంకుల్, మీ వంతు అయిపోయింది, లేవండి" అంది యూనిఫాం పిల్ల.

"దయచేసి తల్లీ, ఇంకొక్కసారి."

అన్న నా చెవి దగ్గరకు వంగాడు. "ఆ గడియారం పెన్‌డ్రైవ్ ఎక్కడ పెట్టావే?"

"నా సాక్సులో."

"అక్కడే ఉండనీ" అన్నాడు.