ఇరవయ్యో చీటీ

ఆ సభలో మాట్లాడే హక్కు సభ మొదలవకముందే అమ్ముడుపోయింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

రంగుల ఫ్యాక్టరీ రెండో షెడ్డు కట్టుకుంటానంటోంది. అనుమతి ఇవ్వాలా వద్దా అని మునిసిపాలిటీ జనాన్ని అడుగుతోంది. మాట్లాడేవాళ్లకు ఇరవై చీటీలు, చీటీకి మూడు నిమిషాలు, ముందొచ్చినవాళ్లకు ముందు. తాపీ మేస్త్రీ తెల్లవారగానే వచ్చి వరసలో మూడోవాడుగా నిలబడ్డాడు. ఫ్యాక్టరీ మురుగు కలిసిన కుళాయి నీళ్లు తాగి అతని భార్య పద్నాలుగు నెలలు మంచాన పడి చనిపోయింది. ఆ సంగతి ఎలా చెప్పాలా అని రెండు రోజులుగా గోడ కడుతూనే మనసులో వల్లెవేసుకున్నాడు.

ఎనిమిదైనా మునిసిపల్ ఆఫీసు తలుపు తెరవలేదు. వాళ్ల వీధి కుళాయి దగ్గర బిందె పెడితే మనిషి నిలబడ్డట్టే. ఎవరూ జరపరు. ఆ అలవాటుతోనే పనిముట్ల సంచి తన చోట పెట్టి, పూట సెలవు చెప్పడానికి పక్కవీధిలో కాంట్రాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాడు. వచ్చేసరికి సంచి మెట్ల కింద పడి ఉంది. ఫ్యాక్టరీ వ్యాన్లలో దిగినవాళ్లు బారు తీరి ఉన్నారు. అందరి చేతుల్లోనూ ఒకే రకం టైపు కాగితం.

చీటీలు అయిపోయాయన్నాడు అటెండరు. మేస్త్రీ సంచి చూపించాడు.

"సంచికి చీటీ ఇస్తే సంచే మాట్లాడుతుందా పెద్దాయనా?"

వరసంతా నవ్వింది. ఇరవయ్యోవాడు నవ్వబోయి తల దించుకున్నాడు. అతను మేస్త్రీ బావమరిది, ఇళ్లకు సున్నాలు వేస్తాడు. మేస్త్రీ అతన్ని పక్కకు లాగాడు.

"ఏం రాశారందులో?"

"మా వీధి నీళ్లు బాగున్నాయని. షెడ్డొస్తే పనులొస్తాయని."

"ఆ నీళ్లతోనే కదరా మీ అక్క పోయింది."

అతను కాగితం మడిచాడు, విప్పాడు. ఎనిమిది వందలిచ్చారన్నాడు. రోజంతా నిచ్చెన మీద వేలాడితే ఆరువందలు, అదీ వారానికి మూడు రోజులేనన్నాడు. చివరికి చీటీ చాచాడు.

"నువ్వే మాట్లాడు బావా. కాకపోతే ఆ ఎనిమిది వందలు నువ్వియ్యి, వాళ్లకి తిరిగిచ్చేస్తా. నిన్ననే అద్దెకి కట్టేశాను."

మేస్త్రీ జేబులో నిన్నటి కూలి తొమ్మిది వందలుంది. చెయ్యి జేబు దాకా వెళ్లింది. లోపల మొదటి పేరు పిలుస్తున్నారు. ఇస్తే ఆ మూడు నిమిషాలు తనవి. ఇస్తే భార్య చావు కూడా, లోపలున్న పందొమ్మిది కాగితాల్లాగే, డబ్బు పెట్టి పలికించిన మాటవుతుంది.

"ఉంచుకో. వెళ్లి చదువు," అన్నాడు.

కిటికీ పక్కన నిలబడి విన్నాడు. బావమరిది మూడుచోట్ల తడబడ్డాడు. అయినా మొత్తం చదివాడు. మునిసిపల్ సభ్యులు సరేనని చేతులెత్తారు. షెడ్డుకు అనుమతి వచ్చింది.

బావమరిది గేటు దాకా వెంటపడ్డాడు.

"బావా, అక్క సంగతి ఇంకో సభలో..."

"మీ అక్క సంగతి ఇవాళ నువ్వు చెప్పేశావు. నేనిక ఎవరి ముందూ ఎత్తను. నువ్వూ నా ముందు ఎత్తకు."