కాలవ గట్టు మీద జ్యోతి

నేను ఒక హాలోజన్ బల్బును. బొటనవేలంత ఉంటాను. నా గాజు కడుపులో రెండు తీగచుట్టలున్నాయి. ఒకటి వెలుగును దూరంగా విసురుతుంది, రెండోది కిందికి దించుతుంది. ఏదో ఫ్యాక్టరీలో యంత్రాలు నన్ను తయారుచేసి, అట్టపెట్టె మీద 'వంద వాట్లు' అని పెద్దగానూ, 'రోడ్డు మీద వాడరాదు' అని చీమ తలకాయంతగానూ అచ్చువేసి వదిలాయి. మనుషులు వాట్లు చదువుతారు. మిగతాది చదివే ఓపిక వాళ్లకుండదు.

నన్ను కొన్న పళ్లాలరావూ అంతే. కడియం దగ్గర పూలతోట, పాత మోటార్ సైకిలు. తెల్లవారకముందే బంతిపూల మూటలు మార్కెట్టుకు చేర్చాలి. పాత బల్బు చాలడం లేదని నన్ను తెచ్చాడు. మెకానిక్కు దగ్గరికి వెళ్లమంది భార్య సత్యవేణి.

"బల్బుకి మెకానిక్కెందుకే? ఫోన్లో చూసి రాకెట్లు చేసేత్తన్నారు జనం."

"రాకెట్టయితే మీరొక్కరే పోతారు. ఇది రోడ్డెక్కేదండీ."

మధ్యాహ్నం పెరట్లో కూర్చుని, బ్యాటరీ నుంచి లావు వైరు లాగి, రిలే అనే స్విచ్చి డబ్బీ బిగించి, నా వెనక మూడు వైర్లు తగిలించాడు. అందులో రెండు తారుమారయ్యాయి. మండుటెండలో స్విచ్చి నొక్కి చూశాడు. అటు నొక్కినా వెలిగాను, ఇటు నొక్కినా వెలిగాను. అతనికి అది చాలు.

మర్నాడు తెల్లవారుజామున కాలవ గట్టెక్కాం. నా వెలుగు ముందుచక్రం దగ్గరే పడుతోంది. హెడ్‌లైటు గ్లాసు కాస్త పైకెత్తాలి అనుకున్నాడే తప్ప, అనుమానపడలేదు. ఎదురుగా సైకిలు మీద నూకరాజు వస్తున్నాడు. కూలికి పూలు మోసే మనిషి. నల్లబట్టలు, మెడలో అయ్యప్ప మాల, వెనక చామంతుల బుట్ట.

పళ్లాలరావు మర్యాదస్తుడు. ఎదుటి మనిషి కనబడగానే వెలుగు దించుదామని డిమ్ కొట్టాడు. నేను వంద వాట్లతో నూకరాజు ముఖం మీదికి దూకాను. సైకిలు, బుట్ట, మనిషి, అన్నీ కాలవలో పడ్డాయి.

జనం పోగై పైకి లాగారు. కుడిచెయ్యి విరిగింది. "జ్యోతి కనబడిందండీ... జ్యోతి," అంటూ వణికిపోతున్నాడు.

"ఏ బ్రాండు జ్యోతి సామీ?" అన్నాడొకడు. అందరూ నవ్వారు. మాల వేసుకోకముందు నూకరాజు తాగేవాడే.

"నేను డిమ్ కొట్టానండీ. దారంతా ఖాళీ. తిన్నగా కాలవలోకి పోయాడు," అని పళ్లాలరావు సాక్ష్యం చెప్పాడు. అతను అబద్ధమాడలేదు. నిజం తెలిసిన నాకు నోరు లేదు.

మాల మీద తాగాడన్న మాట మధ్యాహ్నానికల్లా ఊరంతా పాకింది. రేపు పొద్దున్న పూజలో మాల తీయించేస్తానన్నాడు గురుస్వామి. నూకరాజు దీక్షకు అది ముప్పై ఎనిమిదో రోజు. ఇరుముడికి ఇంకా మూడే రోజులు.

పొద్దుగూకాక పళ్లాలరావు గ్లాసు సరిచేద్దామని బండిని గోడకెదురుగా పెట్టాడు. డిమ్ నొక్కాడు. నా వెలుగు గోడ దాటి కొబ్బరిచెట్టు తల మీదికెక్కింది. మళ్లీ నొక్కాడు. కిందికి దిగింది. మూడోసారి నొక్కలేదు.

"వైర్లు మార్చేత్తే సరిపోద్ది," అన్నాడు, గుమ్మంలో నిలబడ్డ సత్యవేణి వైపు చూడకుండా.

"వైర్లకి సరిపోద్దండీ. మరి ఆ సామికి?"

పొద్దున్న పూజ దగ్గర నూకరాజు కట్టు కట్టిన చేత్తో తలవంచుకుని నిలబడ్డాడు. గురుస్వామి మాల మీద చెయ్యి వేశాడు.

"ఆగండి స్వామీ!" పళ్లాలరావు బండి నుంచి ఊడదీసి తెచ్చిన నన్ను జేబులోంచి తీశాడు. "ఈయన తాగలేదండీ. నేనే వైర్లు తప్పు కలిపి కళ్లలో కొట్టాను. ఊరందరి ముందూ తప్పు మాటాడాను."

గురుస్వామి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. బ్రాండు అడిగినవాడు చెప్పులు వెతుక్కోసాగాడు.

మాల నిలిచింది. అక్కడితో అయిపోయుంటే నేనూ ఊపిరి పీల్చుకునేదాన్ని. నూకరాజు ఎడమచేత్తో నన్ను అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేనాండీ?"

"ఇదే సామీ."

"సామే వచ్చాడనుకుని రెండు చేతులూ ఎత్తి దండం పెట్టానండీ. అందుకే హ్యాండిలు వదిలేశాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అతని వేలిముద్రలు నా గాజు మీద పడ్డాయి. అలా ముట్టుకున్న హాలోజన్ బల్బు తొందరగా కాలిపోతుందంటారు. కాలిపోతే బాగుండుననిపించింది. కానీ పళ్లాలరావు నన్ను మళ్లీ వెలిగించలేదు.