ఎవరూ లాగని జెండా

పెద్దవాళ్ళకు ఆటల పోటీలు పెట్టాలన్న ఆలోచన ఈల టీచరుది. ఆమె బడిలో వ్యాయామం నేర్పుతుంది. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంటుంది కాబట్టి పేటలో చిన్నా పెద్దా అందరికీ ఆమె ఈల టీచరే. సెలవుల్లో ఒక శిక్షణ శిబిరానికి వెళ్ళి ఫ్లాగ్ ఫుట్‌బాల్ అనే ఆట నేర్చుకుని వచ్చింది. కోలగా ఉండే బంతిని ఒకరికొకరు విసురుకుంటూ, చంకన పెట్టుకుని అవతలి గీత దాకా పరుగెత్తాలి. ఎవరూ ఎవరినీ తొయ్యకూడదు, పడెయ్యకూడదు. ప్రతి ఒక్కరి నడుముకూ ఒక బెల్టు, దానికి రెండు పక్కలా రెండు గుడ్డ జెండాలు ఉంటాయి. బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ జెండా లాగేస్తే చాలు, పరుగు అక్కడితో సరి. పిల్లలకు నేర్పడానికని వెళ్ళింది గాని, తిరిగొచ్చేటప్పుడు ఆమె మనసులో ఉన్నది పిల్లలు కాదు, అక్క భర్త, బావ.

బావ లిఫ్టు మెకానిక్కు. లిఫ్టుల్లో ఇరుక్కుపోయి కంగారుపడేవాళ్ళకు పైనుంచి కబుర్లు చెబుతూ, నవ్విస్తూ పని కానిచ్చే మనిషి. పోయిన ఏడాది ఒక మేడ మెట్లమీద గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆసుపత్రిలో స్టెంటు వేసి పంపించారు. మనిషి తేరుకున్నాడు గాని, కంపెనీవాళ్ళు ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఫిర్యాదుల ఫోన్లు ఎత్తమన్నారు. ఇంట్లో అక్క నీళ్ళ బకెట్టు కూడా ముట్టుకోనివ్వలేదు. అక్క దర్జీ. ముందు గదిలో మిషను తొక్కుతున్నంతసేపూ ఆమె చెవి లోపలి గదిమీదే ఉండేది. బావ కాస్త దగ్గితే చాలు, మిషను ఆగిపోయేది. భర్తను కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటోందని చుట్టాలు మెచ్చుకునేవాళ్ళు. బావ కిటికీ దగ్గర కూర్చుని వీధిలో పోయేవాళ్ళను చూస్తుండేవాడు. కబుర్లు తగ్గిపోయాయి.

టీచరు డాక్టరుని కలిసి అడిగింది. అలసట అనిపిస్తే ఆగాలి, అంతకుమించి భయపడాల్సిందేమీ లేదు, ఆడితే ఇంకా మంచిదే అన్నాడాయన. అక్క మాత్రం ఒప్పుకోలేదు. డాక్టరుకేం, చెప్పి ఇంటికెళ్ళిపోతాడు అంది. టీచరు ఇక ఆ మాట వదిలేసి, బెల్టులూ జెండాలూ కుట్టిపెట్టమని మాత్రం అడిగింది. చెల్లెలు అడిగిన కుట్టుపనికి అక్క ఎలా కాదంటుంది? మిగిలిపోయిన కర్టెను గుడ్డలతో ఎర్రవీ పసుపువీ కుట్టి, అంటుకునే పట్టీలు వేసి ఇచ్చింది. లాగితే చర్రుమని ఊడొచ్చేవి.

ఆదివారం పొద్దున్న బడి మైదానం వాడుకోవచ్చని, గడ్డి మాత్రం పాడు చెయ్యొద్దని హెడ్‌మిస్ట్రెస్ అంది. గడ్డి ఉంటే కదా అనుకుని టీచరు తలూపింది. సెలూన్లో, మందుల షాపులో, బస్సు డిపోలో కాగితాలు అంటించింది. మొదటి ఆదివారం సెలూన్ ఆయన ఒక్కడే వచ్చాడు. బంతిని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి జ్వరం గాని వచ్చిందా టీచర్? ఇలా చిక్కిపోయింది" అన్నాడు. తన కుర్చీ ఎక్కినవాళ్ళందరికీ వారమంతా ఈ బంతి సంగతే చెప్పి నవ్వించాడు. ఆ నవ్వుకే జనం కదిలారు. మెల్లగా నాలుగు జట్లు కుదిరాయి: డిపో డ్రైవర్లు, ఆసుపత్రి నర్సులు, టీచర్లు, బజారువాళ్ళు. బజారు జట్టుకు మాత్రం ఒక మనిషి తక్కువ పడ్డాడు. నిజంగానే తక్కువ పడ్డాడో, టీచరే తక్కువ పడేట్టు చూసిందో ఎవరికీ తెలీదు.

ఆ మాట చెవిన పడగానే బావ మంచం కిందనుంచి బూట్లు లాగి దులిపాడు. అక్క గుమ్మంలో నిలబడి చూసింది. ఆయన ముఖంలో చాలాకాలంగా కనబడని వెలుగేదో కనబడేసరికి, వద్దన్న మాట ఆమె నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

పోటీలు మొదలయ్యే రోజు బజారు జట్టుకూ డిపో జట్టుకూ ఆట. బావ బంతి అందుకుని పరుగు తీశాడు. ఎదురుగా ఉన్న డ్రైవర్లు దారి ఇస్తున్నట్టు పక్కకు తప్పుకున్నారు. గీత దాటాడు. అందరూ చప్పట్లు కొట్టారు, బావ పొంగిపోయాడు. రెండోసారి ఒక లావుపాటి డ్రైవరు సరిగ్గా ఆయన దగ్గరికొచ్చే వేళకు వంగి బూటు తాడు కట్టుకోసాగాడు. బావ మళ్ళీ గీత దాటాడు. ఈసారి ఆయన నవ్వలేదు. మూడోసారి బంతి చేతికి రాగానే మైదానం మధ్యలో ఆగి, చేతులు రెండూ పక్కకు చాచి నిలబడ్డాడు.

"లాగండి" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. లావుపాటి డ్రైవరు నేలచూపులు చూశాడు. బావ బంతిని కింద పెట్టి, బెల్టు విప్పి మరదలి చేతిలో పెట్టి ఇంటిదారి పట్టాడు.

సాయంత్రం సెలూన్ ఆయన ఉండబట్టలేక వచ్చి విషయం చెప్పేశాడు. ముందురోజు వదిన డిపోకి వెళ్ళి, డ్రైవర్లందరికీ చేతులు జోడించి, ఆయన జోలికి మాత్రం వెళ్ళొద్దని బతిమాలిందట. "ఏమనుకోకు అన్నా, ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు" అన్నాడు.

అతను వెళ్ళిపోయాడు. బావ కోప్పడతాడని అక్క ఎదురుచూసింది. ఆయన మిషను పక్కన ఉన్న పీటమీద కూర్చున్నాడు.

"ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేశాననుకున్నాను" అన్నాడు. "నువ్వింకా నన్ను అక్కడే ఉంచావు."

"నాకు భయమండీ" అంది అక్క.

"నాకు మాత్రం లేదా? పరుగెత్తినంతసేపు అది మర్చిపోతున్నాను. నన్ను పట్టుకోవడానికి ఒకరు వెంట పడాలి కదా, లేకపోతే అది పరుగెలా అవుతుంది?"

అక్క కుట్టడానికి ఏమీ లేకపోయినా మిషనుమీది గుడ్డను సర్దుతూ కూర్చుంది.

రెండు రోజుల తరవాత ఆమె చెల్లెలి ఇంటికి వెళ్ళింది. తిడుతుందేమోనని టీచరు భయపడుతూనే తలుపు తీసింది. అక్క తిట్టలేదు. ఏ జట్టులోనైనా తనకు చోటుందా అని అడిగింది. టీచరు నమ్మలేక ఇంకోసారి అడిగించుకుంది. నర్సుల్లో ఒకామెకు ఆదివారం డ్యూటీ పడింది, ఆ చోటు ఖాళీ. చిన్నప్పుడు కూడా ఏ ఆటా ఆడలేదే అంటూ అక్క చెల్లెలి ట్రాక్ ప్యాంటు అడిగి తీసుకుని, పొడవు తగ్గించుకోవడానికి ఇంటికి పట్టుకెళ్ళింది.

ఇక ఆడనని బావ భీష్మించుకు కూర్చున్నాడు. టీచరు వచ్చి, ఈసారికి వచ్చి చూడు బావా, నచ్చకపోతే మళ్ళీ పిలవనని చెప్పి లాక్కొచ్చింది. మైదానంలో నర్సుల మధ్య, పసుపు జెండాలు కట్టుకుని బెదురు చూపులు చూస్తున్న భార్యను చూసి ఆయన నిలబడిపోయాడు. ఏమీ అడగకుండా బెల్టు అందుకుని కట్టుకున్నాడు.

ఆట మొదలైంది. అక్కకు ఎటు పరుగెత్తాలో తెలియక ఒకసారి తన జట్టు మనిషినే ఢీకొట్టబోయింది. కాసేపటికి బంతి బావకు అందింది. నర్సులు ఇద్దరు ఒక క్షణం తటపటాయించారు. అక్క తటపటాయించలేదు. నేరుగా మీదికొచ్చి చెయ్యి చాచింది. బావ నడుము మెలితిప్పి తప్పించుకున్నాడు. ఆమె మళ్ళీ వెంటపడింది. ఆయన గీత వెంబడి పరుగు, వెనక ఆమె, జడ ఊడిపోయి, పళ్ళు బిగించి. ఈల నోట్లో పెట్టుకున్న టీచరు ఊదడం మర్చిపోయింది. మూల మలుపు దగ్గర అక్క ముందుకు వంగి ఎర్ర జెండా అందుకుంది. చర్రుమని ఊడి చేతికొచ్చింది.

ఇద్దరూ మోకాళ్ళమీద చేతులు వేసుకుని రొప్పుతూ నిలబడ్డారు. అక్క చూపు అలవాటుగా ఆయన గుండెమీదికి వెళ్ళింది. బావ నవ్వుతున్నాడు, కళ్ళు చెమర్చి ఉన్నాయి.

"ఆయాసపడుతున్నావు, కాసేపు కూర్చో" అన్నాడు.

"నన్ను కూర్చోబెట్టకండి" అంది అక్క, జెండా ఆయన చేతికిస్తూ.

ఆ తరవాత నర్సులకు మొహమాటం పోయింది. ఆ ఆటలో బావ జెండా చాలాసార్లు ఊడింది. మరుసటి వారం డిపో జట్టు మళ్ళీ ఎదురైనప్పుడు లావుపాటి డ్రైవరు మొదట "క్షమించు అన్నా" అని లాగాడు, రెండోసారి ఆ మాట కూడా అనలేదు. అలసట అనిపించినప్పుడు బావ తనంతట తనే చెయ్యెత్తి పక్కకొచ్చి కూర్చునేవాడు. అప్పుడు కూడా అక్క పరుగున వచ్చేది కాదు. దూరంనుంచి ఒకసారి చూసి ఆటలో పడేది. వారం మధ్యలో ఆయన కంపెనీకి వెళ్ళి, బరువు పనులు కాకపోయినా లిఫ్టుల తనిఖీకైనా పంపమని అడిగాడు. డాక్టరు మాట తీసుకుని వాళ్ళు పంపారు. ఇరుక్కుపోయినవాళ్ళకు కబుర్లు చెప్పే మనిషి మళ్ళీ దొరికాడు.

ఆ ఏడాది బజారు జట్టు ఆఖరున నిలిచింది. నర్సుల జట్టు గెలిచింది. డ్యూటీ పడ్డ నర్సు తిరిగొచ్చినా అక్క తన చోటు వదల్లేదు, చివరికి ఇద్దరూ వంతులు వేసుకోవాల్సి వచ్చింది. ఆఖరి ఆదివారం అక్క చేతికి మొదటిసారి బంతి సరిగ్గా చిక్కింది. అందరూ కేకలు పెడుతుంటే దాన్ని గుండెకు హత్తుకుని పరుగెత్తింది. గీత ఇంకా రెండడుగులు ఉందనగా బావ వెనకనుంచి వచ్చి ఆమె జెండా లాగేశాడు. మధ్యాహ్నం భోజనాల దాకా ఆమె ఆయనతో మాట్లాడలేదు.