మూడో పిలుపు

తెల్లారేసరికి పడవల అడుగున ఊరిన నీళ్లను డాల్డా డబ్బాతో తోడి పారబోసేసరికి నూకమ్మకు ఆయాసం ముంచుకొచ్చింది. డబ్బాను పలకల రేవు మీద బోర్లించి, దాని పక్కనే కూలబడి, మోకాళ్ల మీద చేతులు ఆనించుకుని, ఊపిరి కుదురుకునేదాకా నీళ్లకేసి చూస్తూ ఉండిపోయింది. చలికాలపు ఆదివారం. చెరువు మీద మంచు ఇంకా లేవలేదు. అవతలి గట్టుకు దూరంగా భిలాయి కర్మాగారం పొగగొట్టాలు మంచుకు పైన, కాళ్లు లేని మనుషుల్లా వరసగా నిలబడి ఉన్నాయి.

పొట్టి మనిషి. నీళ్లలో నాని నాని మడమలు బీటలు వారాయి. చీర మీద అటవీ శాఖవాళ్ల ఖాకీ కోటు తొడుక్కుంటుంది. మగవాడి కొలతకు కుట్టింది కాబట్టి చేతులు మణికట్టు దగ్గర మడతలు పెట్టుకోవాలి. మొదట అది ఆవిడ పెనిమిటి శంకరరావుది. ఆఖరి రోజున, వానకు తడిసిపోతుందని ఇంట్లో వదిలి వెళ్లిన కోటు. ఆయన ఉద్యోగం ఆవిడకు వచ్చినట్టే కోటూ వచ్చింది. ఎన్నిసార్లు ఉతికినా కాలరును వదలని బీడీ వాసనా దానితోపాటే వచ్చింది.

ఆయాసం తగ్గాక లేచి, రేవు గుంజకు కొట్టిన మేకుకు మూడు గిన్నెల కేరేజీ తగిలించింది. రోజూ అక్కడే తగిలిస్తుంది.

శంకరరావుది కళింగపట్నం దగ్గర సముద్రపు ఒడ్డు. తాతముత్తాతలందరూ వలల మీద బతికినవాళ్లే. కర్మాగారంలో పని దొరుకుతుందని, పెళ్లాంతో, చంకలో పిల్లతో, భిలాయి పక్కన మరోదా ఊళ్లో ఉన్న అక్క ఇంటికి వచ్చి దిగాడు. కర్మాగారం గేటు ఆయనకు తెరుచుకోలేదు గాని, ఈతా పడవా తెలిసినవాడని అటవీ శాఖవాళ్లు ఈ చెరువుకు కాపలా పెట్టారు. చిత్రం చూడండి, చేపలు పట్టే ఇంట పుట్టినవాడికి చేపలు పట్టనివ్వని ఉద్యోగం. వానాకాలం చేప గుడ్లు పెట్టే వేళ. అప్పుడు వల వెయ్యకూడదని సర్కారు హుకుం. వేసేవాళ్లు చాటుగా వేస్తూనే ఉండేవారు. సాయంత్రం పూట శంకరరావు కర్రపడవ మీద వెళ్లి ఆ దొంగవలలు ఎత్తి, చిక్కుకున్న చేపల్ని ఒక్కొక్కటే విడిపించేవాడు. పొట్ట నిండుగా ఉన్నదాన్ని రెండు చేతుల్లో పట్టుకుని, "ఎల్లు తల్లీ, పురిటికెల్లు" అని నీళ్లలోకి జారవిడిచేవాడు. ఆ చెరువు చేప వాళ్ల ఇంట ఒక్కనాడూ ఉడకలేదు. ఊరి నుంచి ఎవరైనా తెచ్చే ఎండుచేపలే వాళ్లకు కూర.

అంత మంచివాడితోనూ ఒక చిక్కు ఉండేది. నీళ్ల మీద ఉన్నప్పుడు ఒడ్డు నుంచి పిలిస్తే మూడో పిలుపుకు గాని పలికేవాడు కాదు. వాళ్ల ఒడ్డున అందరిదీ అదే పద్ధతి. నీళ్లలో పోయినవాళ్లు కూడా మనుషుల్ని పిలుస్తారట. అయితే వాళ్లకు రెండు పిలుపులకే దమ్ముంటుందట. మూడోసారి పిలిచేది ఊపిరి ఉన్న గొంతేనట. అందుకని నూకమ్మ సాయంత్రం కేరేజీ పట్టుకొచ్చి, గట్టు మీద నిలబడి, మొగుడి పేరు నోట పలకకూడదు కాబట్టి కూతురి పేరు పెట్టి, "ఓ భాగ్యం అయ్యా" అని రోజూ మూడుసార్లు అరవాలి. మూడోదానికి నీళ్ల మీంచి "ఓ" అని సాగదీసిన పలుకు వచ్చేది. ఆ తరువాత పడవ వచ్చేది. తిన్నాక ఆయనే గిన్నెలు ఇసక పెట్టి తోమి, చెరువు నీళ్లతో కడిగి, పెద్దదాని నుంచి చిన్నదాని వరకు పలక మీద వరసగా బోర్లించేవాడు. ఆ పని పెళ్లాన్ని చెయ్యనిచ్చేవాడు కాదు.

"నా గొంతు నీకు ఎరికలేదేటి? నానేటి దెయ్యాన్నా?" అని ఆవిడ కసిరేది.

"దెయ్యానివైతే రెండుతో ఊరుకుందువు" అని నవ్వేవాడు. "నువ్వు ఊరుకునే రకమేటి?"

ఒక శ్రావణమాసపు సాయంత్రం వాన పడుతోంది. ఆవేళ ఇంట్లో మాటా మాటా అనుకున్నారు. దేనికో ఇప్పుడు ఆవిడకే గుర్తులేదు. గట్టు మీద తడుస్తూ రెండుసార్లు పిలిచింది. నీళ్లు పలకలేదు. వినపడే ఉంటుంది, మూడోదాని కోసం ఆగి ఉంటాడు అనుకుంది. ఈపాలి నువ్వే రా అనుకుని, కేరేజీ మేకుకు తగిలించి, ఇంటికి వెళ్లిపోయింది. ఆ రాత్రి అలుగు పొంగింది. తెల్లారి కర్రపడవ తుంగలో బోర్లాపడి దొరికింది. దాని పక్కనే సగం ఎత్తిన వల. అలుగు దిగువన కాలువ పొడుగునా, శివనాథ్ నది దాకా వెతికారు. మనిషి దొరకలేదు. కేరేజీ మాత్రం పెట్టింది పెట్టినట్టు, నిండుగా, మేకుకు వేలాడుతూ ఉంది.

తరువాత శాఖవాళ్లు గట్టున తెల్లమద్ది మొక్కలు పెంచి, సిమెంటు బల్లలు వేయించి, కాలితో తొక్కే పడవలు తెప్పించి, ఆ చోటును పిక్నిక్కులకు తయారుచేశారు. జనం వచ్చి నాలుగు గంటలు కూర్చుంటే చెరువు మీద ప్రేమ పుడుతుందని, చెత్త వెయ్యరని, వలలు వెయ్యనివ్వరని వాళ్ల ఆలోచన. అందులో తప్పేముంది. నూకమ్మకు పడవల పని ఇచ్చారు. నీళ్లు తోడాలి, నీళ్లలో పాతిన ఎర్రజెండాలు దాటి, చలికాలం వలస వచ్చే బాతుల వైపు ఎవరూ పోకుండా చూడాలి, సాయంత్రం కేకవేసి అందరినీ ఒడ్డుకు పిలవాలి. "చార్ నంబర్, వాపస్ ఆవో" అని ఆవిడ అంటే ఒక్క పిలుపుకే పడవ తిరిగి వచ్చేది. ప్రతిసారీ ఆవిడకు అది వింతగానే ఉండేది.

పడవలన్నీ కట్టేశాక గట్టు చివరకు వెళ్లి, "ఓ భాగ్యం అయ్యా" అని తనకోసం పిలిచేది. రెండుసార్లే.

టికెట్ల కిటికీ దగ్గర కూర్చునే ధర్మారావు బొబ్బిలి వైపు మనిషి. ఆవిడను, అక్కను పిలిచినట్టు, అప్పా అని పిలుస్తాడు. ఒకసారి ఉండబట్టలేక అడిగాడు.

"రెండుతో ఆపెస్తావేటప్పా? మూడోది కూడా పిలిచీరాదా?"

"పిలిస్తే పలకాల కదా" అంది నూకమ్మ. "పలక్కపోతే?"

మూడోది పిలవనంతకాలం ఆవిడ లెక్కలో శంకరరావు ఎక్కడో నీళ్ల మీద తెడ్డు ఎత్తి పట్టుకుని ఆగి ఉన్నట్టే. పిలిచాక జవాబు రాకపోతే ఆగి ఉన్నవాడు కూడా మిగలడు. వైశాలి నగర్‌లో కాపురం ఉన్న కూతురు భాగ్యరేఖ వచ్చినప్పుడల్లా, "ఛోడ్ దో న అమ్మా, ఈ పని చాలు, మా ఇంటికి వచ్చెయ్" అంటుంది. ఎవరినైనా సగంలో నిలబెట్టి ఎక్కడికి పోతాం?

ఎండ పొడిచేసరికి కర్మాగారం క్వార్టర్లున్న సెక్టార్ల నుంచి స్కూటర్ల మీద జనం దిగారు. ఒక కుటుంబం చాప పరిచి, పులిహోర గిన్నె మూత తీసి, టేప్‌రికార్డరు పెద్దగా పెట్టింది. నూకమ్మ కోటు సర్దుకుంటూ వెళ్లింది.

"బాబూ, ఆ పెట్టె కట్టీ."

"పాటింటే బాతులకేటి నొప్పి పిన్నీ?" అన్నాడు ఆ ఇంటాయన.

"మీ ఇంటికి సుట్టాలొస్తే సెవులో ఇలగే పాటెడతావేటి? ఎంత దూరం ఎగిరొచ్చినాయో పాపం. పడుకోనీ."

"మా అమ్మానాన్నొస్తే ఈయన అదే సేస్తాడు పిన్నీ" అంది భార్య పులిహోర వడ్డిస్తూ. "ఆల్లు రెండోరోజే రైలెక్కెస్తారు."

ఆయన నవ్వుతూ టేపు కట్టేశాడు. నూకమ్మ చేతిలో ఆకు పెట్టారు. వద్దంటూనే తింది.

మధ్యాహ్నం కేరేజీ విప్పి పై రెండు గిన్నెల్లోదీ తింది. అడుగు గిన్నెలో అన్నం మీద ఎండుచేప పులుసు పోసి ఉంది. దాన్ని ముట్టలేదు. ఖాళీ గిన్నెలు దాని మీద పెట్టి, మళ్లీ మేకుకు తగిలించింది. రోజూ ఇంతే. సాయంత్రం అది మరోదా వీధికుక్కలకు పోతుంది.

"ఆ గిన్నెడూ నాకెట్టకూడదేటప్పా, కుక్కలకెట్టే కంటే?" అన్నాడు ధర్మారావు బీడీ నలుపుతూ.

"నువ్వు సగం పిలుపుకే వచ్చెస్తావు. నీకెందుకు పెడతాన్రా?"

పొద్దు వాలుతుండగా రేంజరు జీపు వచ్చింది. గుంజకు పైన బాకా లాంటి మైకు బిగించారు. రేంజరు మంచివాడు, పెద్దల ఎదుట సిగరెట్టు తాగడు. ఆవిడను బల్ల మీద కూర్చోబెట్టి హిందీలో నెమ్మదిగా చెప్పాడు.

"అమ్మా, మొన్న ఒక పడవ చీకటి పడేదాకా నీళ్ల మీదే ఉండిపోయింది. మీ కేక వాళ్లకు వినపడలేదట. రేపటి నుంచి ఇది పిలుస్తుంది. మీరు నర్సరీలో నీడపట్టున కూర్చుని మొక్కల సంచుల్లో మట్టి నింపండి. అచ్ఛా హై న?"

"అందులో మాటాడేదెవులు బాబూ?"

"టేపు. భోపాల్లో ఒక మేడమ్ మాట్లాడారు."

"ఆవిడ ఇక్కడికి రాదా?"

"ఎందుకమ్మా? బటన్ నొక్కితే చాలు."

నొక్కాడు. "ప్రియ పర్యాటకో" అని మొదలైన గొంతు గట్టు నుంచి గట్టుకు కొట్టుకుంది. ఎర్రజెండాల అవతల బాతులన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆకాశం కాసేపు నల్లబడింది. రేంజరు కంగారుపడి చప్పుడు తగ్గించాడు. పడవలు మాత్రం బుద్ధిగా తిరిగి వచ్చేశాయి.

నూకమ్మ విన్నది ఇంకొకటి. అంత పొడుగు మాటల్లో ఆ గొంతు మధ్యలో ఎక్కడా ఊపిరి తీసుకోలేదు. రేపటి నుంచి ఈ నీళ్ల మీద పిలిచేది అదన్నమాట. ఊపిరి లేని గొంతు రోజూ ఎన్నిసార్లు పిలిచినా ఆయన పలకడు. పలకకూడదని ఆయనకు తెలుసు. మరి ఇంక ఆయన్ని ఎవరు పిలుస్తారు?

జీపు వెళ్లిపోయింది. పడవలన్నీ గొలుసుకు కట్టి, కోటు గుండీలు మెడదాకా పెట్టుకుంది. కర్మాగారంలో కరిగిన ఇనప మడ్డి పారబోసినట్టున్నారు, పడమటి ఆకాశమూ దాని కింద చెరువూ ఎర్రబడ్డాయి. ధర్మారావు కిటికీ మూసి వచ్చాడు.

"పదప్పా. సలి."

"గేటు కాడుండు. వస్తాను."

గట్టు చివర నిలబడి మొదటిసారి పిలిచింది. గుండెలో ఎవరో పిడికిలి బిగించినట్టయింది. రెండోసారి పిలిచింది. అలవాటుగా నోరు మూసుకుంది. ఎర్రదనం నీళ్ల మీంచి తగ్గుతోంది. ఇన్ని వానలు, ఇన్ని చలికాలాలు, తెడ్డు ఎత్తి పట్టుకున్న ఆ చేతులు ఎంత నొప్పి పుట్టి ఉంటాయో అని మొదటిసారి అనిపించింది. ఇన్నాళ్లూ ఆవిడ భయపడింది జవాబు రాదేమోనని. ఆగి ఉన్నవాడి సంగతే తలచుకోలేదు. అరికాళ్ల నుంచి ఊపిరి లాక్కుని పెదవులు తెరిచింది.

గేటుకు గొలుసు చుడుతున్న ధర్మారావు మొదటిది విన్నాడు. రెండోది విన్నాడు. తాళం నొక్కబోతూ మూడోది విని చెయ్యి ఆపాడు. ఆవిడకు ఇంకా అంత గొంతు ఉందని అతనికి తెలియదు. ఆ వెనకే, నీళ్ల మీంచి, సాగదీసిన "ఓ" ఒకటి వచ్చింది. అవతలి గట్టున ఉన్న పంపుహౌసు గోడకు తగిలి ఆవిడ కేకే తిరిగి వచ్చింది అనుకున్నాడు. మొదటి రెండూ అలా తిరిగి రాలేదన్న సంగతి, బీడీ ముట్టించి సగం కాల్చాక గాని తట్టలేదు.

బీడీ అయిపోయింది. ఆవిడ రాలేదు. సైకిలు గోడకు ఆనించి వెనక్కి నడిచాడు. నూకమ్మ రేవు గుంజకు వీపు ఆనించి, కాళ్లు చాపుకుని, నీళ్లకేసి చూస్తూ కూర్చుని ఉంది. "అప్పా" అని పిలిచాడు. ఇంకోసారి పిలిచాడు. మూడోసారి పిలవబోతూ దగ్గరకు వెళ్లి మొహం చూసి, మానేశాడు. భుజం మీద చెయ్యి వేశాడు. కోటు ఇంకా వెచ్చగానే ఉంది.

తల ఎత్తి చూస్తే మేకు ఖాళీగా ఉంది. ఆవిడ పక్కన పలక మీద, ఇసక పెట్టి తోమిన మెరుపుతో, కేరేజీ గిన్నెలు పెద్దదాని నుంచి చిన్నదాని వరకు వరసగా బోర్లించి ఉన్నాయి. వాటి అంచుల నుంచి చెరువు నీళ్లు ఇంకా చుక్కలు చుక్కలుగా పలకల సందుల్లోకి జారుతున్నాయి.